రిపోర్టులో ఎవరూ చూడని గ్లోబ్యులిన్

"ఒంట్లో యాంటీబాడీలే లేవంటిరే. మళ్లా ఆ యాంటీబాడీలే ప్లేట్‌లెట్లను తినేస్తుండాయంటారు. అదెట్టన్నా?"

బుచ్చిరెడ్డిపాలెంలో నేను పనిచేసే ల్యాబ్‌కొచ్చిన ఒక తండ్రి అడిగిన మాట ఇది. వానల్లో డెంగీ మొదలైతే మా ఊళ్లో అందరి నోటా ప్లేట్‌లెట్ల లెక్కే. డెంగీలో పడినవి కొద్దిరోజుల్లో లేస్తాయి. ఆయన కూతురికి మాత్రం జ్వరమే లేకుండా పడిపోయాయి. చిన్నప్పట్నుంచీ ఆ పిల్లకు చెవిలో చీము, మాటిమాటికీ న్యుమోనియా. ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు.

ఈ రెంటికీ మూలమైన జబ్బు పేరు కామన్ వేరియబుల్ ఇమ్యునో డెఫిషియెన్సీ. పొట్టిగా సీవీఐడీ. 25,000 నుంచి 50,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

యాంటీబాడీలకు మూలం బీ కణాలు. ఎముక మజ్జలో పుట్టేవాటిలో కొన్ని సొంత ఒంటినే పట్టుకునే రకం. అందరిలోనూ పుడతాయవి, శరీరం వాటిని ఏరిపారేస్తుంది. మిగిలినవి లింఫు గ్రంథుల్లో టీ కణాల సాయంతో పదునెక్కి, జ్ఞాపక కణాలవుతాయి. సీవీఐడీ ఉన్న చాలామందిలో ఈ జ్ఞాపక కణాలు బాగా తక్కువ. అందుకే సూక్ష్మజీవుల మీద గట్టి యాంటీబాడీలు రావు. ఏరివేతా సరిగా సాగదు. ముఖ్యంగా ఆటోఇమ్యూనిటీ ఉన్నవాళ్లలో సీడీ21 అనే గుర్తు పలచబడిన బీ కణాలు పోగుపడతాయి. సొంత కణాలను పట్టేవి వాటిలో ఎక్కువ. మిగతావాటిని అదుపులో ఉంచే రెగ్యులేటరీ టీ కణాలూ తగ్గుతాయి. కొందరిలో కారణం ఒక్క జన్యువే. ఉదాహరణకు సీటీఎల్ఏ4 అనే జన్యువు టీ కణాలకు బ్రేకు లాంటిది. అది సగమే తయారైతే ఆ కణాలు ఆగవు. అబాటసెప్ట్ అనే మందు ఆ బ్రేకునే బయటినుంచి అందిస్తుంది.

అంటే యాంటీబాడీలు తక్కువే, కానీ ఆ కాసిన్నిలోనే సొంత రక్తకణాల మీద పడేవి ఉన్నాయి. దాదాపు నలుగురు రోగుల్లో ఒకరికి ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుంది. ప్లేట్‌లెట్లు, ఎర్ర కణాలే ఎక్కువగా బలవుతాయి. కొందరికి సీవీఐడీ బయటపడకముందే ఇది మొదలవుతుంది.

నేను పట్టుబట్టి చెప్పేది ఒకటుంది. లివర్ పరీక్ష రిపోర్టులో బిలిరుబిన్ చూసి కాగితం మడిచేస్తారు. మొత్తం ప్రొటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసేస్తే వచ్చే గ్లోబ్యులిన్ కూడా అందులోనే ఉంటుంది. యాంటీబాడీలు అందులో భాగమే. ఆ అంకె 2 కన్నా తగ్గి, ఇన్‌ఫెక్షన్లు తిరగబెడుతుంటే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్షల గురించి డాక్టర్ని అడగండి. యాంటీబాడీలే తయారుకాని మనిషికి, యాంటీబాడీలను వెతికే విడాల్ పరీక్ష నెగటివ్ వచ్చిందని టైఫాయిడ్ లేదనుకోకూడదు. బ్లడ్ కల్చర్ కావాలి.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ యాంటీబాడీలు లేని ఒక బాలుడికి దాతల గామా గ్లోబ్యులిన్ ఇచ్చాడు. నేటికీ ప్రధాన చికిత్స అదే. సిరకు ఎక్కిస్తే 3, 4 వారాలకోసారి, జీవితాంతం. పెద్ద మోతాదులో ఇస్తే ప్లేట్‌లెట్ల మీద దాడినీ తగ్గిస్తుంది. ఖర్చు సామాన్యుడు మోయలేనిది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమయ్యే పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు చోటుంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి దానికి కేంద్రం. అక్కడ విచారించమనే ఆ తండ్రికి చెప్పాను.

ఒక్క జాగ్రత్త. పరీక్షకు రక్తం ఇచ్చాకే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించుకోవాలి. ఎక్కించాక తీస్తే దాతల యాంటీబాడీలే లెక్కలోకి వచ్చేస్తాయి.