కచేరీ కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టము

కొనకనమిట్ల వంటి మండల కేంద్రమున ఒక కచేరీ, అందులో ఐదు కంప్యూటర్లు ఉన్నవనుకొందము. ఒకదానిలో జాబులు, ఒకదానిలో జీతముల పద్దులు. ఒకదానికి వేలిముద్రల పరికరము, మరియొకదానికి అధికారి డిజిటల్ సంతకపు టోకెను. అన్నియు విండోస్ 10 మీద నడచుచున్నవి. ఈ వ్యవస్థ 2015 జులై 29న వెలువడినది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు సంస్థ దానికి మామూలుగా పంపెడి భద్రతా మరమ్మతులను నిలిపివేసినది. అంతమాత్రమున యంత్రము ఆగలేదు. చిక్కంతయు అందులోనే యున్నది: నడచుచున్న బండికి ఇరుసు చూచువారెవరు?

2017 మే 12న వన్నాక్రై అను హానికరమగు ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, దస్తరములకు తాళము వేసి, విడిపించుటకు సొమ్మడిగినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాతబడినవి. దాని దారిని మూయు మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదలయి యుండెను. వేసికొన్న యంత్రములు ఆ దారిన చెడలేదు. కచేరీ గొడవ మనకేల యని శ్రోతలు తలపవచ్చును. అక్కడ తాళము పడునది మన ధ్రువపత్రమునకు, మన పింఛను కాగితమునకు.

మొదట యంత్రమునకు తాహతున్నదో లేదో చూడవలెను. విండోస్ 11కు 4 జి.బి. ర్యాము, 64 జి.బి. నిలువ చోటు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు కావలెను. ఇవి లేనిదానిపై దొడ్డిదారిన ఎక్కించు ఉపాయములు చెప్పువారున్నారు. కచేరీలో అది తగదు. అట్టివానికి సంస్థలు రుసుము చెల్లించి మరికొంతకాలము మరమ్మతులు పొందవచ్చును, లేదా యంత్రమునే మార్చవలెను.

పిమ్మట నకళ్లు. మార్కాపురము పలక మీద వ్రాసినది తుడిచిన తరువాత మరల రాదు. డిస్కు తుడిచి కొత్త వ్యవస్థ వేయుటయు అట్టిదే. ఉన్నదానిపై ఎక్కించునపుడు దస్తరములు సామాన్యముగా నిలుచును గాని, ఆ సామాన్యమును నమ్మి కూర్చుండరాదు. రెండు నకళ్లు తీసి, ఒకటి కచేరీ వెలుపల ఉంచవలెను. వానిని వేరొక యంత్రములో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు గాదు. డిస్కునకు బిట్‌లాకరు తాళమున్నచో దాని విడుదల సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను.

మన కచేరీలకు ప్రత్యేకమైన చిక్కు తెలుగు అక్షరములది. అను లిపులలో కూర్చిన పాత జాబులు కంటికి తెలుగే. కంప్యూటరు లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చున్న బొమ్మలు. ఆ ఫాంటు కొత్త వ్యవస్థలో లేనిచో పదేండ్ల జాబులన్నియు అర్థము గాని గీతలగును. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను యూనికోడ్ ఫాంటు వచ్చిననాటినుండియే దారి యున్నను, అలవాటు మారలేదు. కనుక ఫాంట్లను, కీబోర్డు ప్రోగ్రామును, దాని అనుమతి సంఖ్యను ముందే భద్రపరచి, ముఖ్యమైన జాబులకు పి.డి.ఎఫ్. ప్రతులు తీయవలెను.

ఇక మార్పు. ఒకేనాడు ఐదింటిని ముట్టరాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపముగల నవీకరణ ఒకటి ఒక్కసారిగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను స్తంభింపజేసినది. హైదరాబాదు విమానాశ్రయమున చేతితో వ్రాసిన బోర్డింగు చీటీలిచ్చిరి. కాబట్టి మొదట జాబుల యంత్రమును మార్చవలెను. యు.పి.ఎస్. లేనిదే ఆరంభింపరాదు; మధ్యలో కరెంటు పోయినచో యంత్రము రెంటికి చెడ్డ రేవడియే. తరువాత ప్రింటరును, తెలుగు టైపును, టోకెనును, వేలిముద్రల పరికరమును దానికే తగిలించి చూడవలెను. ఈ పరికరములకు కావలసిన డ్రైవర్లు కొత్త వ్యవస్థకు లభించుచున్నవో లేవో ఆ ఒక్క యంత్రమే చెప్పును. వెనుకకు మరలుటకు విండోస్ ఇచ్చు గడువు పది దినములు మాత్రమే గనుక, పరీక్ష వారములోపల ముగియవలెను.

కుదిరినచో రెండేసి చొప్పున మిగిలినవి. జీతముల బిల్లుల దినములలో మాత్రము వలదు. సంతకపు టోకెను తగిలించిన యంత్రమును అన్నిటికన్న కడపట మార్చవలెను.