కోడ్‌లో రాసిన పాస్‌వర్డ్: తొలగించినా తొలగని ముప్పు

ఆస్ట్రేలియాకు చెందిన సాఫ్ట్‌వేర్ సంస్థ అట్లాసియన్ 2022 జులైలో తన వినియోగదారులకు ఒక అసాధారణ హెచ్చరిక జారీ చేసింది. కార్యాలయాలు తమ అంతర్గత పత్రాలను భద్రపరచుకునే కాన్‌ఫ్లుయెన్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ సంస్థ ఒక అనుబంధ యాప్‌ను అందించింది. ఆ యాప్ కొన్ని వెర్షన్లను సొంత సర్వర్లలో ఇన్‌స్టాల్ చేయగానే ‘డిజేబుల్డ్ సిస్టమ్ యూజర్’ పేరుతో ఒక ఖాతా దానంతటదే ఏర్పడేది. దాని పాస్‌వర్డ్ యాప్ కోడ్‌లోనే రాసి ఉంది. ఏ కార్యాలయంలోనైనా అదే పాస్‌వర్డ్. పేరులో ‘నిలిపివేసిన’ అన్న అర్థం ఉన్నా ఖాతా మాత్రం చక్కగా పనిచేసేది. ప్రత్యేక ఆంక్షలు లేని పేజీలన్నింటినీ చదివేందుకు, మార్చేందుకు దానికి అనుమతి ఉండేది.

హెచ్చరిక వెలువడిన మరునాటికే ఆ పాస్‌వర్డ్ ట్విటర్‌లో బహిర్గతమైంది. యాప్‌ను తీసివేసినంత మాత్రాన ముప్పు తొలగదని, ఖాతాను విడిగా రద్దు చేయాలని సంస్థ స్పష్టం చేయవలసి వచ్చింది.

పాస్‌వర్డ్‌ను ఇలా ప్రోగ్రామ్‌లోనే యథాతథంగా రాసివేయడాన్ని హార్డ్‌కోడింగ్ అంటారు. వెబ్‌సైట్‌ను నడిపే ప్రోగ్రామ్ తన వెనుక ఉన్న డేటాబేస్‌ను తెరవాలంటే దానికీ ఒక పాస్‌వర్డ్ కావాలి. పరీక్షల దశలో పని త్వరగా ముగించాలన్న తొందరలో నిపుణులు దానిని కోడ్‌లోనే రాస్తారు. తరువాత తీసివేద్దామనుకున్న ఆ వరుస అలాగే మిగిలిపోతుంది. నిర్లక్ష్యం కన్నా మరుపే దీనికి ఎక్కువగా కారణమని చెప్పాలి.

కోడ్ ఒకచోట నిలిచి ఉండేది కాదు. సహోద్యోగుల కంప్యూటర్లకు, కాంట్రాక్టు సంస్థలకు, బ్యాకప్‌లకు, గిట్‌హబ్ వంటి వేదికలకు అది చేరుతూ ఉంటుంది. జపాన్ కార్ల సంస్థ టయోటా అనుభవం ఇందుకు ఉదాహరణ. ఆ సంస్థ ‘టీ-కనెక్ట్’ సేవకు సంబంధించిన కోడ్‌లో కొంత భాగాన్ని 2017 డిసెంబర్‌లో ఒక కాంట్రాక్టు సంస్థ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉంచింది. డేటా సర్వర్‌ను తెరిచే తాళంచెవి వంటి సంకేతం అందులోనే ఉంది. 2022 సెప్టెంబర్ వరకు, అంటే దాదాపు అయిదేళ్లు, ఆ సంగతి ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఖాతాదారుల ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండవచ్చని సంస్థ ప్రకటించింది.

కోడ్‌ను రహస్యంగా ఉంచితే చాలదా అన్న సందేహానికి ఉబర్ ఉదంతం సమాధానమిస్తుంది. 2016లో ఆ సంస్థ ఇంజినీర్లు వాడే ప్రైవేట్ గిట్‌హబ్ ఖాతాలోకి చొరబడినవారికి అక్కడి కోడ్‌లోనే క్లౌడ్ సర్వర్ తాళంచెవి దొరికింది. 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు వారి చేతికి చిక్కాయి. ఈ ఘటనను ఏడాదిపాటు దాచిపెట్టినందుకు అమెరికా రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం మేరకు ఉబర్ 14.8 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

ఇటువంటి సందర్భాల్లో సామాన్య వినియోగదారు తన పాస్‌వర్డ్‌ను ఎంత పకడ్బందీగా పెట్టుకున్నా ఫలితం ఉండదు. ముందు తలుపుకు ఎన్ని గడియలు వేసినా, దొంగ వచ్చేది పెరటి దారిన.

పొరపాటు బయటపడ్డాక కోడ్‌లోని ఆ వరుసను చెరిపివేసి ఊరుకోవడం మరో పొరపాటు. గిట్ వంటి వ్యవస్థలు ప్రతి మార్పునూ చరిత్రగా భద్రపరుస్తాయి గనుక పాత ప్రతిలో పాస్‌వర్డ్ పదిలంగానే ఉంటుంది. అందువల్ల మొదట ఆ పాస్‌వర్డ్‌ను రద్దు చేసి కొత్తది అమర్చాలి. కోడ్‌ను శుభ్రపరచడం ఆ తరువాతి పని. రహస్యాలను కోడ్‌కు వెలుపల ప్రత్యేక వ్యవస్థలో ఉంచి, ప్రోగ్రామ్ నడిచే సమయంలో మాత్రమే అందించడం సురక్షితమైన పద్ధతి.

మన దేశంలో సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ నాటి ఆదేశాలు నిర్దేశించాయి. వ్యక్తిగత సమాచార పరిరక్షణకు తగిన చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వీలు కల్పించింది.