సైలెన్సర్ మారిస్తే వేడి ఎటు పోతుంది?

దూరం నుంచి వచ్చి ఆగిన మోటారు సైకిలు దగ్గర ఒక నిమిషం నిలబడండి. "టిక్... టిక్" మని చిన్న చప్పుళ్ళు వినిపిస్తాయి. వేడికి వ్యాకోచించిన సైలెన్సర్ లోహం చల్లారుతూ సంకోచించేటప్పుడు వచ్చే చప్పుళ్ళవి. అంటే ఇంజను ఆగినా గొట్టంలో వేడి ఇంకా బాగానే వుందన్నమాట!

ఈ వేడిని లెక్కలోకి తీసుకొనే, సైలెన్సర్ ఏ దారిన పోవాలో, దానిమీద ఎలాంటి కవచం వుండాలో బండి తయారుచేసేవారు నిర్ణయిస్తారు. కాని కొందరు షోకు కోసమో, చప్పుడు కోసమో దాన్ని విప్పించి, బజారులో దొరికే మరొక సైలెన్సర్ బిగించుకుంటారు. కొద్ది రోజులకే పక్కనున్న ప్లాస్టిక్ వంకర పోతుంది, రంగు పొక్కులు లేస్తుంది, వెనక కూర్చున్నవారి కాలు చుర్రుమంటుంది. ఎందుకిలా జరుగుతుందో చూద్దాం.

ఎంత వేడి?

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో బండిని నడపడానికి పనికివచ్చేది సుమారు నాలుగో వంతు మాత్రమే. ఇంచుమించు మూడో వంతు పొగతోపాటు గొట్టంగుండా బయటకు పోతుంది. ఇంజను బాగా శ్రమించేటప్పుడు సిలిండరు నుంచి వచ్చే వాయువుల ఉష్ణోగ్రత 600 నుంచి 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వుంటుంది. వాటి తాకిడి మొదట తగిలేది సిలిండరును ఆనుకొని వుండే వంపు గొట్టానికి. మెకానిక్కులు దీన్ని బెండు పైపు అంటారు. దీని ఉపరితలం 300 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. వెనక్కి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది.

మరి చుట్టుపక్కల వస్తువులు ఎంత వేడిని తట్టుకోగలవు? పక్క పలకలకు వాడే ఎ.బి.ఎస్. అనే ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కరెంటు తీగలమీది మామూలు పి.వి.సి. తొడుగు ఇంకా తక్కువ వేడికే పాడవవచ్చు. మన చర్మం సంగతి చెప్పనే అక్కర్లేదు. 70 డిగ్రీల వేడి ఒక్క సెకను తగిలినా లోతుగా కాలుతుంది.

మూడు దారులు

వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుందని మీరు చదువుకున్నారు. సైలెన్సర్ దగ్గర ఆ మూడూ పనిచేస్తాయి. గొట్టాన్ని పట్టి వుంచే బోల్టుల ద్వారా వేడి చట్రంలోకి పాకడం ఉష్ణవహనం. వేడెక్కిన గాలి పైకి లేచి, పైనున్న భాగాలను కాల్చడం ఉష్ణ సంవహనం. బండి నడుస్తుంటే ఎదురుగాలి ఈ వేడిని తోసేస్తుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఆ సాయం వుండదు. అందుకే ఆగివున్న బండిలోనే ప్లాస్టిక్‌కు ఎక్కువ ముప్పు.

మూడోది ఉష్ణ వికిరణం. దీనికి గాలి కూడా అక్కర్లేదు. వేడి వస్తువు వెదజల్లే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనుపాతంలో వుంటుందని 1879లో జోసెఫ్ స్టీఫన్ చెప్పాడు. 127 డిగ్రీల సెంటీగ్రేడు అంటే 400 కెల్విన్. 527 డిగ్రీలంటే 800 కెల్విన్. పరమ ఉష్ణోగ్రత రెట్టింపయింది. వికిరణమో? రెండును నాలుగుసార్లు గుణించండి, 16 రెట్లు! గొట్టం కాస్త ఎక్కువ వేడెక్కితే నష్టం ఎంతో ఎక్కువ కావడానికి కారణం ఇదే.

లోపం ఎక్కడ?

కంపెనీ అమర్చిన బెండు పైపులు చాలావాటిలో ఒక గొట్టంలో మరొక గొట్టం వుంటుంది. మధ్యలో గాలి. గాలి అధమ ఉష్ణవాహకం కనుక బయటి గొట్టం అంతగా వేడెక్కదు. బజారు గొట్టాలు చాలావరకు ఒకే పలుచని పొరతో వుంటాయి. కవచం వుండకపోవచ్చు. గొట్టం బ్రేకు హోసుకో, తీగలకో మరీ దగ్గరగా పోవచ్చు. అతుకు సరిగా బిగియకపోతే సందులోంచి వేడి వాయువు ఊదుగొట్టంలా ఒకేచోట కొడుతుంది.

కొన్ని గొట్టాలు నీలి రంగుకు తిరగడం చూసే వుంటారు. అది పూసిన రంగు కాదు. వేడికి ఉక్కుమీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. నీటిమీది నూనె పొరలాగే అది కూడా కాంతి వ్యతికరణంవల్ల రంగులీనుతుంది. మామూలు ఉక్కు 300 డిగ్రీల ప్రాంతంలో నీలమవుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు ఇంకా ఎక్కువ వేడి కావాలి.

చేసి చూడండి

ఒక చిన్న స్టీలు గ్లాసులో పెద్దల సాయంతో వేడినీళ్ళు పోయండి. దాన్ని పెద్ద స్టీలు గ్లాసులో నిలపండి. రెండూ తగలకుండా అడుగున, పక్కన మడతపెట్టిన కాగితం ముక్కలు వుంచండి. మరో చిన్న గ్లాసులో కూడా అంతే వేడినీళ్ళు పోసి విడిగా పెట్టండి. ఒక నిమిషం తర్వాత రెండింటినీ బయటినుంచి మెల్లగా తాకండి. గాలి పొర చేసే మేలు మీకే తెలుస్తుంది.

జాగ్రత్తలు

1. కంపెనీ సైలెన్సర్‌నే వుంచుకోవడం అన్నిటికన్నా మేలు. తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది.

2. మార్చవలసి వస్తే ఆమోదం పొందిన రకమే తీసుకోవాలి. ఇద్దరు కూర్చుంటే వెనక భాగం కిందికి దిగుతుంది. అప్పుడు కూడా గొట్టానికీ, హోసులకూ, ప్లాస్టిక్‌కూ మధ్య ఎడం వుందో లేదో చూడాలి.

3. రేకు కవచాన్ని గొట్టానికి అంటించకూడదు. కింద వాషర్లు వేసి, గాలి ఆడేలా సందు వదలాలి. మెరిసే రేకు వికిరణాన్ని తిప్పికొడుతుంది.

4. గాజునార పట్టీ చుడితే బయటికి వచ్చే వేడి తగ్గుతుంది. కాని ఆ పట్టీ వాననీటిని పట్టివుంచి మామూలు ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అప్పుడప్పుడు విప్పి చూడాలి.

5. విప్పి బిగించిన ప్రతిసారీ అతుకు దగ్గర కొత్త గాస్కెట్ వేయించాలి. దగ్గరలోని తీగలను దూరంగా కట్టాలి. ప్లాస్టిక్ కట్లు వేడికి తెగుతాయి, లోహపు క్లిప్పులు వాడాలి.

6. వేడిగా వున్న బండిని ఎండుగడ్డిమీద నిలపకూడదు. వెంటనే ముసుగు కప్పకూడదు.

మన బండ్లలో సైలెన్సర్ ఎక్కువగా కుడివైపు వుంటుంది. కనుక ఎడమవైపునుంచే ఎక్కి దిగండి. పొరపాటున కాలు కాలితే 20 నిమిషాలపాటు ధారగా పడే చల్లని నీటికింద వుంచండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు, వెన్న, సిరా పూయవద్దు. పొక్కిందంటే డాక్టరుకు చూపించండి.

వేడిని మాయం చేయడం ఎవరివల్లా కాదు. దానికి సరైన దారి చూపడమే మనం చేయగలిగింది. మీ ఇంట్లో బండి వుంటే, పూర్తిగా చల్లారాక దాని కవచం కింద సందు ఎంత వుందో స్కేలుతో కొలిచి చూడండి. ఆ కొద్దిపాటి గాలే రోజూ మీ కాలిని కాపాడుతున్నది!