అద్దాల శుభ్రతకు ఎన్ని నీళ్లు?

తమిళనాడులో తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో నేల అడుగున గ్రానైటు వంటి గట్టి రాయి ఉండటం వలన, ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీరు ఖనిజ లవణాలను కరిగించుకొని బోరుబావులలోకి చేరుతుంది. ఈ నీటిలోని ఫ్లోరైడు ఎముకలకు, పళ్లకు చేటు చేస్తున్నందున, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీటిని అందించే హొగెనకల్ పథకాన్ని 2013లో ప్రారంభించారు. తాగునీటికే ఇంత ప్రయాస పడే చోట, దుకాణాలు, ఆసుపత్రులు, కార్యాలయాల అద్దాలు కడగడానికి అయ్యే నీటికీ లెక్క ఉండాలి.

కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా గల నీటిని కఠిన జలం అంటారు. తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని, వేరే నీరు దొరకనప్పుడు మాత్రం 600 వరకు ఫరవాలేదని భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. కఠిన జలాన్ని పైపుతో అద్దం మీద కొట్టి వదిలేస్తే, నీరు ఆవిరైపోయి లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. ఆ మచ్చలు పోవాలని మళ్లీ నీళ్లు కొట్టడంతో ఖర్చూ, మరకా రెండూ పెరుగుతాయి.

బకెట్టు, వైపర్ పద్ధతిలో ఈ చిక్కు రాదు. ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఎత్తోరె స్టెక్కోనె 1936లో పేటెంటు పొందిన ఒంటి రబ్బరు అంచు వైపరే నేటి పనిముట్టుకు మూలం. సబ్బు చుక్క కలిపిన నీటిలో గుడ్డను ముంచి, పిండి, అద్దమంతా తడిపిన తరువాత, వైపర్‌ను పైనుంచి కిందికి లాగి, ప్రతిసారీ దాని అంచును పొడిగుడ్డతో తుడుస్తారు. నీరు ఆరిపోయే లోపే అద్దాన్ని వదిలిపోతుంది కనుక మచ్చకు తావుండదు. ఒక బకెట్టు నీటితో చాలా కిటికీలు పూర్తవుతాయి.

ఎత్తైన భవనాలకు పొడవాటి గొట్టపు కర్ర చివరి బ్రష్షు గుండా శుద్ధజలాన్ని పంపే పద్ధతి ఉంది. లవణాలు లేని నీరు కనుక తుడవకపోయినా మచ్చ పడదు, నిచ్చెన ప్రమాదమూ తప్పుతుంది. అయితే ఆ నీటిని తయారుచేసే ఆర్.ఓ. యంత్రం, అనగా సన్నని పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టి లవణాలను వేరుచేసే సాధనం, కొంత ఉప్పునీటిని బయటికి వదులుతుంది. నిమిషానికి ఒక లీటరు చొప్పున గంటసేపు వాడితే 60 లీటర్లు కావాలి. సగం నీరు బయటికి పోయే యంత్రమైతే బోరు నుంచి 120 లీటర్లు తోడవలసి వస్తుంది.

కాబట్టి చేతికందే అద్దాలకు బకెట్టు, వైపర్ వాడటం, ఎత్తైన వాటికే శుద్ధజలాన్ని కేటాయించడం, వేరుపడిన ఉప్పునీటిని మొక్కలకు పోయకుండా మరుగుదొడ్లకు మళ్లించడం ఈ ప్రాంతానికి తగిన పద్ధతి. శుభ్రత పనిని కాంట్రాక్టుకు ఇచ్చే యజమానులు ధరతో పాటు నీటి పరిమితిని కూడా ఒప్పందంలో రాయించాలి.