ట్రాలీ దీపములు - పంచాయతీ బాధ్యత

తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ సమకూడినవి. చెత్తలోని తడియు, వాననీరును తగులుటచే, ఈ రెంటిని కలుపు విద్యుత్ ప్లగ్గులోని ఇత్తడి పిన్నులకు పచ్చని చిలుము పట్టును. చిలుము విద్యుత్తును సరిగా పారనీయదు. దీపములు వెలుగని ట్రాలీ చీకటిలో కానరాదు. వెనుక వచ్చువారి ప్రాణములకు ముప్పు వాటిల్లును.

ఒకవైపు సిగ్నలు వేయగా తక్కిన దీపములును మినుకుమినుకుమన్నచో, ముందుగా ఎర్తు తీగను పరీక్షింపవలెను.

మరమ్మతునకు పూర్వము బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. పిన్నులను సన్నని ఉప్పుకాగితముతో మెరయువరకు రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. తీగ లోపల నల్లబడియున్నచో, మెరయు రాగి కనబడువరకు కత్తిరించి క్రొత్త టెర్మినల్ అమర్చవలెను. చాసిస్‌పై రంగును, తుప్పును గీకి, ఎర్తు తీగను అచ్చట బోల్టుతో బిగింపవలెను. పిదప పిన్నులకు పలుచగా పెట్రోలియం జెల్లీ పూయవలెను. పిన్నులు గుంటలుపడినను, వదులైనను ప్లగ్గును మార్చుటయే మేలు.

అనంతరము బ్యాటరీ తీగను కలిపి, డ్రైవరు ఒక్కొక్క స్విచ్చి వేయుచుండగా, వేరొకరు వెనుక నిలిచి దీపములను చూడవలెను. ట్రాలీ విప్పినపుడు ప్లగ్గును నేలపై విడువక ఎత్తున కట్టవలెను. నెలకొకసారి ఈ పరీక్ష జరుగునట్లు సభ్యులు శ్రద్ధ వహించినచో, స్వల్ప వ్యయముతో గొప్ప ప్రమాదము తప్పును.