రొయ్యల పడవపై కళాసి పని

బెంగుళూరునకు సముద్రము లేదు. తూర్పున చెన్నపట్నమునకు పోయినను, పడమట మంగుళూరునకు పోయినను, ఉప్పునీరు చూడవలెనన్న రమారమి 350 కిలోమీటర్లు ప్రయాణము చేయవలెను. అయినను శివాజీనగరములోని రసెల్ మార్కెట్టున ఉదయము పోయి చూచినచో ఐసుముక్కలపై రొయ్యలు కుప్పలుగా కనబడును. మొన్న తొమ్మిదవ తరగతిలో ఒక విద్యార్థి లేచి, "సార్, రొయ్యల్ని గాలం వేసి పడతారా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని అది నవ్వదగిన ప్రశ్న కాదు. చూడనివాడు అడుగక యేమి చేయును? నేను 1999 మొదలు 2001 వరకు విశాఖపట్నపు రేవున రొయ్యల పడవలపై కళాసిగా పనిచేసినవాడను. ఈ సంగతి మన పాఠశాలలో పెక్కుమంది ఎరుగరు. నాడు గంట మ్రోగుటచే సగము సమాధానమే చెప్పగలిగితిని. తక్కిన సగము ఇది.

మా ఊరు భీమునిపట్నము దాపున ఒక జాలరిపల్లె. ఇంటర్మీడియటు ముగియునప్పటికి మా యింట కళాశాల రుసుమునకు డబ్బు లేకుండెను. మా పెదనాన్న కుమారుడు అప్పటికే పడవపై పనిలో ఉన్నాడు. అతని వెంట నేనును పోయితిని. మా పడవ కొయ్యతో చేసినది; పొడవు సుమారు నలుబదియైదు అడుగులు. ఇట్టివానిని రేవులో సోనాబోట్లు అందురు. దానిని నడుపునది లారీలకు అమర్చు డీజిలు ఇంజనే. పడవకు పెద్ద సరంగు, ఇంజనునకు డ్రైవరు, వంటకు ఒకడు, మిగిలిన వారము కళాసీలము. వల దించుట, లాగుట, ఏరుట, కడుగుట, ఐసు కొట్టుట, ఇవన్నియు కళాసి పనులే.

ఈ విధమైన వేట మన తీరమునకు ప్రాచీనము కాదు. తాతల కాలమున తెప్ప, నావ, చేతివల తప్ప మరేమియు లేవు. 1953లో నార్వే దేశపు సహాయముతో కేరళ తీరమున నీండకర యొద్ద మరపడవల పథకము ఆరంభమయ్యెను. పిదప రొయ్యను గడ్డకట్టించి అమెరికా, జపానులకు పంపిన డబ్బు వచ్చునని తెలియగానే తీరము తీరమంతయు మరపడవలకు ఎగబడినది. ఆ డబ్బు వచ్చిన తీరును చూచినవారు రొయ్యను గులాబిరంగు బంగారమనిరి.

ఇక వల సంగతి. దాని ఆకారము పెద్ద గరాటు వంటిది. నోరు వెడల్పు, తోక సన్నము, తోక చివర మూతి కట్టిన సంచి. నీటిలో ఆ నోరు ఎట్లు తెరచుకొనియుండును? ఇందే నేర్పు ఉన్నది. వలకు ఇరుప్రక్కల రెండు బరువైన కొయ్యపలకలు ఉండును. వానిని బోర్డులు అందురు. గాలిపటమును వాలుగా కట్టినచో గాలి దానిని పైకి నెట్టును గదా! అట్లే వాలుగా కట్టిన ఈ పలకలను, పడవ లాగుచుండగా, నీరు చెరియొక ప్రక్కకు నెట్టును, నోరు విచ్చుకొనును. పై అంచున తేలు బుడ్లు, క్రింది అంచున ఇనుపగొలుసు. పగటివేళ పెక్కు జాతుల రొయ్యలు బురదలో దాగియుండును. గొలుసు బురదను కెలకగా అవి ఉలికిపడి పైకెగురును. ఎగిరిన రొయ్య వల నోటిలోనే పడును. పడవ మనిషి వడిగా నడచునంత వేగముతోనే పోవును. అంతకు మించిన వల క్రిందికి తగలదు.

మూడు గంటలు లాగిన పిదప సరంగు గంట కొట్టును. వించి తిరుగును, ఇనుపతాడు దానిపై చుట్టుకొనును, వల పైకి వచ్చును. సంచి ముడి విప్పగానే మోకాలిలోతు కుప్ప పడవపై జారిపడును. మీరు దానిని రొయ్యల కుప్ప యనుకొందురేమో. మా పడవలో పదిపాళ్లలో ఒకపాలైనను రొయ్య లేని దినములే ఎక్కువ. తక్కినది పీతలు, గుల్లలు, వ్రేలెడు చేపపిల్లలు, తోకన విషపుముల్లు గల టేకుచేపలు, ఒక్కొక్కప్పుడు బ్రతికియున్న సముద్రపుపాము. వీని నడుమ చేతులు పెట్టి ఏరవలెను. రొయ్య నెత్తిన రంపము వంటి ముల్లొకటి ఉండును. అది గ్రుచ్చుకొనిన చోట ఉప్పునీరు తగిలి వారము దినములు చీము పట్టును. ఏరిన రొయ్యకు వెంటనే తల త్రుంచవలెను. దాని జీర్ణాంగములు తలభాగముననే ఉండుటచే కుళ్లు అక్కడనే మొదలగును. పిమ్మట పరిమాణమును బట్టి వేరుచేయుదురు. కిలోకు ఎన్ని తూగునో దానిని కౌంటు అందురు. కౌంటు తగ్గినకొలది ధర హెచ్చు. చేపపిల్లలలో కొన్ని ఎండబెట్టి కోళ్ల దాణాకు అమ్ముదురు. దూరవేటలో ఐసుగదిలో చోటు చాలదు గనుక చచ్చిన వానిని చచ్చినట్లే పార సముద్రములోనికి తోయుదుము. పెరిగియుండిన ఎవరి వలకో దొరకవలసిన చేపలవి. ఆ పార పట్టినవారిలో నేనును ఒకడను.

శీతకాలమున తాబేళ్లును వలలో పడెడివి. ఇవి ఒరిస్సా తీరమునకును, కొంత మన తీరమునకును గ్రుడ్లు పెట్టుటకు వచ్చు జాతి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. మూడు గంటలు వలలో చిక్కిన నీటిలోనే ఊపిరాడక చచ్చును. మా సరంగు శ్రీకాకుళపువాడు, శ్రీకూర్మనాథుని భక్తుడు. ప్రాణమున్న తాబేలునకు మ్రొక్కి విడిచెడివాడు. చచ్చిన దానిని చూచి ఆ పూట భోజనము చేసెడివాడు కాడు. కాని వల దించుట మానెడివాడును కాడు. దీనికొక ఉపాయము ఉన్నది. వల గొంతున వాలుగా కమ్మీల చట్రమును కుట్టి, దాని దాపున కిటికీ విడుతురు. రొయ్య కమ్మీల సందున దూరి సంచిలోనికి పోవును. తాబేలు చట్రమునకు తగిలి కిటికీగుండా బయటపడును. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వారు మన వలలకు తగినట్లు దీనిని తయారుచేసిరి. కిటికీగుండా రొయ్యయు జారిపోవునని కళాసీల భయము. ఈ చట్రము లేని దేశపు రొయ్య మాకు వలదని అమెరికా 1996లో నిర్బంధింపగా, మన దేశము మరి మూడు దేశములతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసెను. 1998లో తీర్పు వచ్చెను. అమెరికా 2019లో మరల మన సముద్రపు రొయ్యను నిలిపివేసెను. పాలు పంచుకొను కళాసి పక్షమున చూచిన, ఒక గంపెడు రొయ్య జారుట చిన్న మాట కాదు. అయినను ఆ కిటికీ ఉండవలెననియే నా అభిప్రాయము.

పాలు అంటిని గదా. మా పడవలో కళాసికి జీతము లేదు, బత్తెము మాత్రమే. డీజిలు, ఐసు, దినుసుల ఖర్చు తీసివేయగా మిగిలినది భాగములగును. పెద్ద భాగము యజమానికి. సరంగుకు రెండు పాళ్లు. కళాసికి ఒక పాలు. వేట చెడిన ఖర్చే మిగులును. కావున ఎవడును నిద్రకు ఆశపడడు. మూడు గంటలకొక వల, ఏరుటకు గంటన్నర, కడుగుటకు అరగంట. ఇక నిద్ర ఒక గంట. పండ్రెండు దినములు ఇట్లే.

2001 జనవరిలో, తొమ్మిదవనాటి రాత్రి, వించి మీటవద్ద నన్ను నిలిపిరి. ఇనుపతాడు వరుస తప్పి చుట్టుకొనుచుండగా అన్న చేతితో సర్దుచుండెను. "ఆపు" అని అతడు కేకవేసెనట. నేను నిలుచుండియే నిద్రపోయితిని. కన్ను తెరచునప్పటికి అతని ఎడమచేతి చివరి వ్రేళ్లు రెండును లేవు. రేవు చేరుటకు పదునాలుగు గంటలు పట్టినది. యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టెను గాని, వేట మధ్యలో మానుకొని వచ్చితిమని అన్న పాలులో సగము తగ్గించెను. నాకు నా పాలు పూర్తిగా ముట్టెను. ఆ డబ్బు అన్న చేతిలో పెట్టబోగా, "కాలేజీకి కట్టుకో" అని మరల నా జేబులోనే పెట్టెను. ఆ డబ్బుతోనే డిగ్రీలో చేరితిని. పిదప ఆంధ్రలోనే పండిత శిక్షణ ముగించి ఇచ్చటికి వచ్చితిని.

నేడు మార్కెట్టున కనబడు రొయ్యలో అధికభాగము చెరువులలో పెంచిన వనామి. ఇది 2009లో మన దేశమునకు తెచ్చిన అమెరికా ఖండపు పడమటి తీరపు జాతి. అయినను కళాసి పని పోలేదు. శ్రీకాకుళపు పల్లెలనుండి గుజరాతులోని వేరావలు రేవునకు పని వెదకికొని పోవువారు ఎందరో కలరు. 2018 నవంబరులో అట్టివారు అరేబియా సముద్రమున పాకిస్తాను వారికి చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. నీటిపై గీత గీచి చూపువారుండరు. వల పోయినవైపే పడవ పోవును.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. అది గ్రుడ్లు పెట్టు కాలము. మన వేసవి సెలవులును అప్పుడే గనుక నేను ఊరికి పోయినప్పుడెల్ల పడవలు రేవున కట్టబడియే కనబడును. అన్న ఇసుకలో కూర్చుండి చినిగిన వల అల్లుచుండును. ఎడమచేత మూడు వ్రేళ్లతో కన్ను పట్టి, కుడిచేత దారము దూర్చును. నేను పోయి ఎదుట కూర్చుండగానే, "ఆ కొస పట్టుకోరా తమ్ముడూ, నిద్రపోకు" అనును.