తనిఖీ వేరు, అనుమానం వేరు

2001 డిసెంబరులో ఒక వ్యక్తి బూటులో పేలుడు పదార్థం దాచుకుని పారిస్ నుండి మయామీ వెళ్లే విమానమెక్కాడు. అతని ప్రయత్నాన్ని తోటి ప్రయాణికులు, సిబ్బంది అడ్డుకున్నారు. ఆ ఘటన ఫలితంగానే అమెరికా విమానాశ్రయాలలో అందరి చేత బూట్లు విప్పించే నియమం వచ్చింది. ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన ఉద్దేశాలలో ఒకటి. కనుక అందరికీ సమానంగా వర్తించే తనిఖీ విసుగు కలిగించినా సహించదగినదే. పైగా బహిరంగ నియమానికి ఒక మేలుంది: అక్కరలేదని తేలితే దానిని తొలగించవచ్చు. 2025 జూలైలో అమెరికా ఆ బూట్ల నియమాన్ని ఉపసంహరించుకుంది కూడా.

రహస్య జాబితాల విషయం వేరు. రహీనా ఇబ్రాహీం అనే మలేసియా ముస్లిం మహిళ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. 2005 జనవరిలో స్వదేశానికి వెళ్లేందుకు కుమార్తెతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి వచ్చారు. శస్త్రచికిత్స కారణంగా ఆమె చక్రాల కుర్చీలో ఉన్నారు. విమానయాన నిషేధ జాబితాలో పేరుందంటూ ఆమెకు బేడీలు వేసి నిర్బంధించారు. మరునాడు ప్రయాణానికి అనుమతించినా, తర్వాత వీసా రద్దు చేసి అమెరికాకు తిరిగి రానివ్వలేదు.

ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత 2014 తీర్పుతో అసలు సంగతి లోకానికి తెలిసింది. 2004లో ఒక ఎఫ్.బి.ఐ. అధికారి ఫారం నింపుతూ పొరపాటున తప్పు గడులలో గుర్తు పెట్టాడు. అంతే! ఆమె వలన దేశభద్రతకు ముప్పు లేదని ప్రభుత్వమే అంగీకరించింది.

విమానం కూలడం కన్నా ఒకరిద్దరు ఇబ్బందిపడటం మేలు కదా అని కొందరంటారు. కాని ఆమెను నిర్బంధించడం వలన ఏ విమానమూ సురక్షితం కాలేదు. నిర్దోషి వెంట పడిన అధికారి కాలం, ధనం, శ్రద్ధ అసలు నేరస్థుని వైపు నుండి మళ్లినట్లే. అన్యాయం ఇక్కడ భద్రతకు మూల్యం కాదు, వట్టి నష్టం.

ఇస్లామీ న్యాయశాస్త్రంలో మనిషి నిర్దోషి అన్నదే మూలం. రుజువు బాధ్యత ఆరోపించినవారిది. వార్తను నిర్ధారించుకోకుండా చర్యకు దిగరాదన్నది సూరా హుజురాత్ బోధ. కనుక ముస్లిములు కోరవలసినది తనిఖీ నుండి మినహాయింపు కాదు. పేరు జాబితాకెక్కితే కారణం తెలపాలి, సంజాయిషీకి అవకాశమివ్వాలి, తప్పు తేలితే వెంటనే తొలగించాలి. ఈ న్యాయం ఏ మతస్థునికైనా సమానంగా అందాలి.